పిల్లలతో లండన్: టికెట్ కొనకుండా ఐదు రోజులు ఎలా గడపాలి

యూరప్ యాత్ర అనగానే చాలామంది ముందు టికెట్ల లెక్క వేసుకుంటారు. లండన్‌లో పేరున్న చోటికి నలుగురు వెళ్తే ప్రవేశానికే వంద పౌండ్లకు అటూ ఇటూ అవుతుంది. అంత డబ్బు పెట్టి లోపలికి వెళ్లాక, ఐదేళ్ల పిల్ల నలభై నిమిషాలకే కాళ్లు నొప్పులని కూర్చుండిపోతుంది. డబ్బు కట్టాం కదా అని పెద్దవాళ్లు బయటకు రారు. పిల్ల ఏడుస్తుంది, పెద్దవాళ్లు విసుక్కుంటారు, రోజంతా పాడవుతుంది.

టికెట్ లేని చోట ఈ ఇబ్బంది ఉండదు. గంట చూసి వచ్చేయవచ్చు. నచ్చితే మర్నాడు మళ్లీ వెళ్లవచ్చు. పిల్లలు ఒకే తిమింగలం అస్థిపంజరం దగ్గర అరగంట నిలబడినా ఎవరికీ నష్టం లేదు. డబ్బు మిగలడం మంచిదే, కానీ చిన్నపిల్లలున్న కుటుంబానికి ఉచిత ప్రదేశాలే మేలని నేను గట్టిగా చెప్పేది ఈ స్వేచ్ఛ కోసం. పైగా లండన్‌లో ఫ్రీ అంటే రెండో రకం అని కాదు. బ్రిటన్ జాతీయ మ్యూజియాలన్నిటిలో శాశ్వత ప్రదర్శనలకు 2001 డిసెంబర్ నుంచి ప్రవేశం ఉచితం. ఏ దేశం నుంచి వచ్చారని కూడా అడగరు.

ముందు తేదీలు చూసుకోండి

మన బడులకు సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. లండన్‌కు అది మంచి కాలమే. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ చీకటి పడదు, అంటే సాయంత్రాలు పార్కుల్లో గడపవచ్చు. ఒక్క జాగ్రత్త: మే చివరి వారంలో అక్కడి బడులకు కూడా సెలవులు. ఆ వారం మ్యూజియాలు కిటకిటలాడతాయి. వీలైతే ఆ వారాన్ని తప్పించండి. వీలుకాకపోతే రోజూ పది గంటలకు తలుపులు తీసే వేళకు గుమ్మం దగ్గర ఉండేలా చూసుకోండి.

డిసెంబర్‌లో వెళ్లేవాళ్లకు మరో మాట. క్రిస్మస్ రోజున లండన్‌లో మెట్రో, బస్సులు ఏవీ నడవవు. 24 నుంచి 26 దాకా మ్యూజియాలు కూడా చాలావరకు మూసే ఉంటాయి. ఆ మూడు రోజులకు బంధువుల ఇంట్లో ఉండేలా ప్లాన్ చేసుకుంటే హాయి.

ఉచితమైనా స్లాట్ బుక్ చేసుకోవాలి

ఇది చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. ప్రవేశం ఉచితమే, కానీ రద్దీ అదుపులో ఉంచడానికి టైమ్ స్లాట్లు ఇస్తారు. సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం మూడింటికీ ఇంటి దగ్గర నుంచే బుక్ చేసుకోండి. పిల్లల్ని కూడా లెక్కలో చేర్చండి. స్లాట్ లేకపోయినా ఖాళీని బట్టి లోపలికి పంపుతారు, కాకపోతే వానలో క్యూలో నిలబడాల్సి రావచ్చు.

స్కై గార్డెన్ అనే చోటికి మాత్రం స్లాట్ దొరకడం కష్టం. ఆకాశహర్మ్యం పైన చెట్లు, మొక్కలు పెంచిన పెద్ద గాజు హాలు అది. అక్కడి నుంచి థేమ్స్ నది, ఊరు మొత్తం కనిపిస్తాయి. మూడు వారాల ముందు దాకా ఉన్న తేదీలకు సోమవారం సోమవారం టికెట్లు వదులుతారు. సాయంత్రం స్లాట్లు త్వరగా అయిపోతాయి, ఉదయానివి కాస్త తేలిగ్గా దొరుకుతాయి. అక్కడ దొరక్కపోతే దగ్గర్లోనే 22 బిషప్స్‌గేట్ అనే భవనంలో 58వ అంతస్తున, ఊరంతా కనిపించే హొరైజన్ 22 అనే హాలు ఉంది. 2023లో తెరిచారు, అది కూడా ఉచితమే, దానికీ ముందే బుక్ చేసుకోవాలి.

బుక్ చేసేటప్పుడు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చేయండి. గూగుల్‌లో పైన వచ్చే లింకుల్లో కొన్ని ఇదే ఉచిత టికెట్‌కు టూర్ అని పేరు పెట్టి డబ్బు తీసుకుంటాయి. మ్యూజియంలో వేసవికి పెట్టే ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం నిజంగానే టికెట్ ఉంటుంది. అవి లేకుండానే చూడాల్సింది బోలెడు ఉంది, వదిలేయండి.

బస్సు, ట్యూబ్ లెక్క

పదకొండేళ్లు నిండని పిల్లలకు ట్యూబ్‌లో (లండన్ మెట్రోను అలా అంటారు), డీఎల్ఆర్ అనే తేలికపాటి రైల్లో, ఎలిజబెత్ లైన్ రైల్లో ప్రయాణం ఉచితం. టికెట్ పెట్టుకున్న ఒక పెద్దమనిషితో నలుగురు పిల్లల దాకా వెళ్లవచ్చు. బస్సుల్లో కూడా ఆ వయసు వాళ్లకు డబ్బు అక్కర్లేదు. స్టేషన్లో వెడల్పు గేటు దగ్గరకు వెళ్లి, పిల్లల్ని మీతోపాటే దాటించండి. పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లలుంటే ముందే డబ్బు వేసుకుని వాడే ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు ఒకటి కొని, దాని మీద యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేయమని స్టేషన్ సిబ్బందిని అడగండి. పద్నాలుగు రోజుల దాకా సగం ఛార్జీయే పడుతుంది. దీన్ని మనవాళ్లు చాలామంది అడగరు. అడగకపోతే వాళ్లంతట వాళ్లు వేయరు.

పెద్దవాళ్లకు కాంటాక్ట్‌లెస్ కార్డు చాలు, కానీ ఒక్కొక్కరికి వేరే కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఉదయం ఏ కార్డు తాకించారో రాత్రి దాకా అదే వాడండి. కార్డుతో ఒకసారి, అదే కార్డున్న ఫోన్‌తో ఒకసారి తాకిస్తే యంత్రం రెండూ వేర్వేరనుకుంటుంది. అప్పుడు రోజుకు ఇంతకు మించి తీసుకోకూడదన్న గరిష్ఠ పరిమితి లెక్క మీకు పనిచేయదు. ట్యూబ్‌లో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే.

గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒక్క ఛార్జీయే. అందుకే డబ్బు పెట్టి సైట్‌సీయింగ్ బస్సు ఎక్కాల్సిన పని లేదు. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబర్ డబుల్ డెక్కర్ ఎక్కి, పైన ముందు సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టండి. సెయింట్ పాల్స్ చర్చి మీదుగా టవర్ ఆఫ్ లండన్ దాకా తీసుకెళ్తుంది. స్ట్రోలర్ తీసుకెళ్లేవాళ్లకు కూడా బస్సే నయం. పాత ట్యూబ్ స్టేషన్లు చాలావాటిలో లిఫ్టులు లేవు, మెట్లు మాత్రం చాలా ఉన్నాయి. ఒక చేత్తో మడిచే తేలికైన స్ట్రోలరే తెచ్చుకోండి.

రోజును ఎలా విడగొట్టుకోవాలి

వేసవిలో లండన్ సమయం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు తెల్లవారుజామున నాలుగు, ఐదుకే లేచి కూర్చుంటారు. మళ్లీ పడుకోబెట్టాలని టెన్షన్ పడకండి. ఆ వేళ కూడా వాడుకోదగ్గదే. ఏడు గంటలకు వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద జనం పలచగా ఉంటారు, ఫోటోలకు అంతకంటే మంచి సమయం దొరకదు.

నేను పాటించే పద్ధతి ఇది: ఉదయం పదింటికి ఒకే ఒక్క మ్యూజియం, మధ్యాహ్నం తిండి, తర్వాత పరిగెత్తడానికి ఒక ఖాళీ స్థలం. ఒకే రోజు రెండు మ్యూజియాలు పెట్టుకోవద్దు. రెండోదాంట్లో పిల్లలకు ఏదీ గుర్తుండదు.

మొదటి రోజు: రాజభవనం చుట్టూ

ప్రయాణం బడలిక ఉంటుంది కాబట్టి మొదటి రోజు బయటే తిరగండి. బిగ్ బెన్ గంట కొట్టడం విని, నడుచుకుంటూ సెయింట్ జేమ్స్ పార్కుకు వెళ్లండి. అక్కడి చెరువులో పెలికాన్లు ఉంటాయి. మన నేలపట్టు, కొల్లేరుల్లో చూసే గూడబాతులే. 1664లో రష్యా రాయబారి రెండవ చార్లెస్ రాజుకు బహుమతిగా ఇచ్చినప్పటి నుంచి ఈ పార్కులో పెలికాన్లు ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు వాటికి చేపలు వేస్తారు. ఆ సమయానికి చెరువు దగ్గర ఉంటే పిల్లలు కేరింతలు కొడతారు.

బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర కాపలా సైనికుల మార్పిడి సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో పదకొండు గంటలకు. వాన ఎక్కువైతే రద్దు చేస్తారు. నా మట్టుకు చిన్నపిల్లలతో దీనికోసం కష్టపడవద్దనే చెబుతాను. కంచె పక్కన చోటు దొరకాలంటే చాలా ముందు వెళ్లి నిలబడాలి, వెనక ఉన్నవాళ్లకు టోపీలు తప్ప ఏమీ కనిపించవు. దానికి బదులు పార్కుకు అవతలి వైపున్న హార్స్ గార్డ్స్ దగ్గరకు వెళ్లండి. అక్కడ గుర్రాల మీది సైనికులు రోజూ పదకొండింటికి, ఆదివారమైతే పదింటికి మారతారు. జనం తక్కువ, గుర్రాలు దగ్గరగా కనిపిస్తాయి. గుర్రాలు కరుస్తాయని అక్కడ బోర్డు ఉంటుంది, అది ఉత్తుత్తి హెచ్చరిక కాదు. ఫోటో కోసం పిల్లల్ని మరీ దగ్గరకు నెట్టవద్దు.

రెండో రోజు: సౌత్ కెన్సింగ్టన్

సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి నేల కింద నడకదారి ఉంది, వాన పడినా తడవకుండా మ్యూజియాల దాకా వెళ్లిపోవచ్చు. ఇక్కడ మూడు పెద్ద మ్యూజియాలు పక్కపక్కనే ఉన్నాయి. మూడూ ఉచితం, కానీ ఒక్కటే ఎంచుకోండి.

ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే నేచురల్ హిస్టరీ మ్యూజియం. పెద్ద హాల్లో పైకప్పు నుంచి 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం నీళ్లలోకి దూకుతున్నట్టు వేలాడుతుంది. దానికి హోప్ అని పేరు పెట్టారు. మెట్లెక్కి మొదటి అంతస్తు నుంచి చూస్తే దాని తల మీకు ఎదురుగా వస్తుంది. డైనోసార్ల గదిలో కదిలే, అరిచే టీ-రెక్స్ బొమ్మ ఉంది. మూడు నాలుగేళ్ల పిల్లలు కొందరు దాన్ని చూసి జడుసుకుంటారు, ముందే చెప్పి తీసుకెళ్లండి. మరోవైపు భూగోళంలోకి దూరినట్టు పైకి తీసుకెళ్లే ఎస్కలేటర్ ఉంది. అక్కడే భూకంపం వస్తే సూపర్‌మార్కెట్‌లో నేల ఎలా ఊగుతుందో చూపే గది కూడా ఉంది. క్రామ్‌వెల్ రోడ్డు మీది పెద్ద గుమ్మం దగ్గర క్యూ పొడుగ్గా ఉంటే, పక్కనున్న ఎగ్జిబిషన్ రోడ్డు గుమ్మం వైపు కూడా చూడండి.

యంత్రాలంటే ఇష్టపడే పిల్లలకు సైన్స్ మ్యూజియం. 1969 మే నెలలో ముగ్గురు వ్యోమగాములతో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన అపోలో 10 క్యాప్సూల్ ఇక్కడ ఉంది. తిరిగి వచ్చేటప్పుడు గాలి రాపిడికి కాలిన దాని అడుగుభాగం పిల్లలకు చూపించండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అడుగు అంతస్తులో గార్డెన్ అనే ఆటగది ఉంది, నీళ్లతో ఆడుకోవచ్చు. వండర్‌ల్యాబ్ అనే ప్రయోగాల గదికి మాత్రం విడిగా టికెట్ ఉంది.

మూడోది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. దీన్నంతా చూడాలనుకోవద్దు. టిప్పు సుల్తాన్ పులి బొమ్మను మాత్రం చూసి రండి. ఈస్టిండియా కంపెనీ మనిషి మీద పులి పడి కరుస్తున్నట్టు చెక్కతో చేసిన బొమ్మ అది, కడుపులో వాయిద్యం ఉంటుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషువాళ్లు పట్టుకెళ్లారు. సోషల్ పాఠంలో చదివినది కళ్లముందు కనబడితే పిల్లలు ఊరికే వదలరు, ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. ఆ తర్వాత మధ్యలో ఉన్న తోటలోకి వెళ్లండి. అక్కడ లోతు లేని నీళ్ల కొలను ఉంది, వేసవిలో పిల్లలు అందులో దిగి ఆడతారు, ఎవరూ వద్దనరు. తువ్వాలు, ఒక జత బట్టలు సంచిలో పెట్టుకోవడం మరిచిపోకండి.

మూడో రోజు: బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి

ఏది మానేసినా ఇది మాత్రం మానకండి. ఈ మ్యూజియంకు వెళ్లినవాళ్లు ఈజిప్టు మమ్మీలు, రోసెట్టా రాయి చూసి వచ్చేస్తారు. అవి చూడాల్సినవే. కానీ ఉత్తరం వైపు 33వ గదిని ఆనుకుని 33ఎ అనే అద్దాల గది ఉంది. దాన్నిండా అమరావతి స్తూపం పాలరాతి పలకలు. మనం పాలరాయి అంటాం గానీ అవి కృష్ణా తీరంలో దొరికే సున్నపురాయి. పూర్వపు గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున దాదాపు రెండువేల ఏళ్ల కిందట మన శిల్పులు చెక్కినవి. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపారు. అక్కడి నుంచి 1859లో చాలా పలకలు ఓడలో లండన్ చేరాయి. మిగిలినవాటిలో కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, మరికొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

పిల్లలకు దీన్ని ఆసక్తిగా చూపించడానికి ఒక దారి ఉంది. బయలుదేరే ముందు, ఇంట్లో ఉండగానే అమరావతి ఎక్కడుందో మ్యాప్‌లో చూపించండి. వీలైతే ఒక ఆదివారం అక్కడి స్తూపం మట్టిదిబ్బ దగ్గరకు తీసుకెళ్లి, ఇక్కడి రాళ్లు లండన్‌లో ఉన్నాయి, వెళ్లి చూద్దాం అని చెప్పండి. మ్యూజియంలో ఒక పలక మీద మొత్తం స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది: గుండ్రటి అండం, చుట్టూ కంచె, గుమ్మం దగ్గర సింహాలు. దాన్ని మీరు చూపించకుండా పిల్లల్నే వెతకమనండి. దొరికాక అదే బొమ్మను పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో గీయమనండి. గీస్తూ కూర్చుంటే పిల్లలు ఇరవై నిమిషాలు కదలరు, పెద్దవాళ్లకు తీరిగ్గా చూసే సమయం దొరుకుతుంది. ఈ రాళ్లు ఇక్కడెందుకున్నాయి, మనకు తిరిగి ఇవ్వరా అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, మాట మార్చకుండా మీకు తెలిసింది చెప్పండి. ఆ అద్దాల గది తలుపు మూసి ఉన్నా, 33వ గదిలో నిలబడితే అద్దాల్లోంచి శిల్పాలు కనిపిస్తాయి. మాంటేగ్యూ ప్లేస్ అనే వెనక గుమ్మం నుంచి వస్తే ఆ గది చాలా దగ్గర.

మమ్మీల గదుల్లో మధ్యాహ్నానికి అడుగు పెట్టే చోటుండదు, అందుకే వాటిని ముందు చూసి అమరావతికి రండి. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, పదేళ్లు దాటిన పిల్లలుంటే ఆ సాయంత్రం వెళ్లడం ఇంకా బాగుంటుంది. చక్రాల సూట్‌కేసులు లోపలికి రానివ్వరు. హోటల్ ఖాళీ చేసి సామానుతో నేరుగా అక్కడికి వెళ్లకండి.

బయటకు వచ్చాక పావుగంట నడిస్తే కోరమ్స్ ఫీల్డ్స్ అనే పిల్లల ఆటస్థలం వస్తుంది. పిల్లలు వెంట లేకపోతే పెద్దవాళ్లను లోపలికి రానివ్వరు. ఇసుక, ఉయ్యాలలు, గడ్డి అన్నీ ఉన్నాయి. అమ్మమ్మ, తాతయ్య వెంట ఉంటే వాళ్లు కూర్చోవడానికి నీడ కూడా దొరుకుతుంది.

నాలుగో రోజు: గ్రీనిచ్

డీఎల్ఆర్ రైలుకు డ్రైవర్ ముందు కూర్చోడు. కాబట్టి మొదటి పెట్టెలో ముందు సీట్లు దొరికితే పిల్లలే రైలు నడుపుతున్నట్టు ఉంటుంది. బ్యాంక్ స్టేషన్లో, అంటే రైలు బయలుదేరే చోట ఎక్కితే ఆ సీట్లు దొరికే అవకాశం ఎక్కువ. ఐలాండ్ గార్డెన్స్‌లో దిగండి. అక్కడి నుంచి థేమ్స్ నది అడుగున 1902లో కట్టిన నడక సొరంగం ఉంది. పైన ఓడలు పోతుంటే మనం కింద నడిచి అవతలి ఒడ్డుకు చేరతాం. పైసా ఖర్చు లేదు. సొరంగంలో మాట ఎలా మార్మోగుతుందో పిల్లలు తమంతట తామే కనిపెడతారు.

అవతల కట్టీ సార్క్ ఓడను బయటి నుంచి చూసి, నేషనల్ మారిటైమ్ మ్యూజియంకు వెళ్లండి, ప్రవేశం ఉచితం. పై అంతస్తులో నేల మీద పెద్ద ప్రపంచ పటం పరిచి ఉంటుంది, పిల్లలు దాని మీద నడిచి బంగాళాఖాతం దాకా రావచ్చు. తర్వాత గుట్ట ఎక్కండి. పైన అబ్జర్వేటరీ, అంటే పాత ఖగోళ పరిశోధనశాల లోపలికి టికెట్ ఉంది. కానీ గుట్ట మీది నుంచి కనిపించే దృశ్యానికి, గేటు పక్కన గోడకున్న 24 గంటల గడియారానికి టికెట్ లేదు. ఆ గడియారం ఏడాది పొడవునా గ్రీనిచ్ సమయమే చూపిస్తుంది. వేసవిలో లండన్ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి మీ ఫోన్‌కూ దానికీ గంట తేడా ఉంటుంది. ఎందుకో పిల్లల్ని చెప్పమనండి.

ఇక్కడే ఒక లెక్క చేయించవచ్చు. సున్నా డిగ్రీల రేఖ ఇక్కడ మొదలు. మన దేశ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది మన కాకినాడ, తుని ప్రాంతం దగ్గరగా పోతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 82.5ను 15తో భాగిస్తే ఐదున్నర. మన సమయం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుండడం అక్కడి నుంచే వచ్చింది. ఏడో తరగతి దాటిన పిల్లలకు ఈ లెక్క అక్కడ నిలబడి చేస్తే ఇక మరిచిపోరు.

అబ్జర్వేటరీ గోపురం మీద ఎర్ర బంతి ఒకటి ఉంటుంది. ఓడల్లో గడియారాలు సరిచేసుకోవడానికి 1833లో మొదలైన ఏర్పాటు అది. మధ్యాహ్నం పన్నెండు యాభై అయిదుకు సగం దాకా లేచి, సరిగ్గా ఒంటిగంటకు పడిపోతుంది. పడేది రెప్పపాటులో అయిపోతుంది, ఫోన్ కెమెరా ముందే సిద్ధం చేసుకోండి. మరమ్మతుల కోసం ఏవైనా ఆపారేమో ముందురోజు వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి.

ఐదో రోజు

దీన్ని తేలిగ్గా ఉంచండి. ఉదయం స్కై గార్డెన్ స్లాట్. అక్కడి నుంచి కాస్త నడిస్తే సెయింట్ డన్‌స్టన్ అనే పాత చర్చి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిపోగా, మిగిలిన గోడల మధ్య తోట పెంచారు. తర్వాత టవర్ బ్రిడ్జి. 1894లో కట్టిన ఈ వంతెన పెద్ద ఓడలు వచ్చినప్పుడు రెండుగా చీలి పైకి లేస్తుంది. ఏడాదికి దాదాపు ఎనిమిది వందల సార్లు లేస్తుంది, ఏ రోజు ఏ సమయానికో వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. ఆ సమయం చూసుకుని వెళ్తే ఒడ్డున కూర్చుని అంతా చూడవచ్చు.

ఆ రోజు వాన పట్టుకుంటే బెత్నల్ గ్రీన్‌లోని యంగ్ వీ అండ్ ఏకు వెళ్లండి. 2023లో పూర్తిగా మార్చి తెరిచిన పిల్లల మ్యూజియం, ముట్టుకుని ఆడుకునేవే ఎక్కువ, ఉచితం.

తిండి, నీళ్లు, బాత్రూంలు

టికెట్ల దగ్గర మిగిలిందంతా మ్యూజియం క్యాంటీన్లో పోగొట్టుకోవద్దు. పులిహోర, చపాతీ, ఉడికించిన గుడ్లు కట్టుకుని వెళ్లండి. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియాల్లో సొంత తిండి తినడానికి బల్లలు వేసి చోటు ఇస్తారు. ఎండగా ఉంటే హైడ్ పార్కు గడ్డి మీద తినండి. అక్కడే డయానా స్మారక ఫౌంటెన్‌లో పిల్లలు కాళ్లు తడుపుకోవచ్చు. పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది, కాబట్టి పెరుగన్నానికి బెంగ లేదు. మన దగ్గర నుంచి మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి, యూరప్ దేశాల్లోకి తీసుకెళ్లకూడదు. కోడి పచ్చడి, పాలకోవా ఇంట్లోనే వదిలేసి, ఆవకాయ పట్టుకెళ్లండి.

కుళాయి నీళ్లు తాగవచ్చు. సీసా పట్టుకెళ్తే మ్యూజియాల్లో నింపుకోవచ్చు. మ్యూజియం దాటే ముందు పిల్లలందరినీ బాత్రూంకు తీసుకెళ్లండి. రైల్వే స్టేషన్లలో, పార్కుల్లో అన్నిచోట్లా దొరకవు, యూరప్ దేశాల్లోనైతే చాలాచోట్ల చిల్లర కట్టాలి.

అక్కడి నుంచి పారిస్, రోమ్ వెళ్తుంటే

బ్రిటన్ వీసాతో అక్కడికి వెళ్లలేరు, షెంగెన్ వీసా వేరే. పద్ధతి కూడా వేరే. లండన్‌లో పెద్దలకూ పిల్లలకూ ఉచితం. ఫ్రాన్స్, ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ఉచితం, పెద్దలకు టికెట్. పిల్లల పాస్‌పోర్టులు చూపించాలి. 26 ఏళ్లలోపు వాళ్లకు ఉచితం అని రాసి ఉంటే అది సాధారణంగా యూరప్‌లో నివసించేవాళ్లకే, డిగ్రీ చదివే మన పిల్లలకు వర్తించదు.

పారిస్‌లో నగరపాలక సంస్థ నడిపే మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలు అందరికీ ఉచితం. వాటిలో కార్నవాలే పిల్లలకు బాగుంటుంది, పాతకాలం దుకాణాల ఇనుప గుర్తులు ఒక గది నిండా వేలాడుతుంటాయి. అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచిన నోత్రదామ్ చర్చికి కూడా టికెట్ లేదు. ఈఫిల్ టవర్ ఎక్కకపోయినా చీకటి పడ్డాక ప్రతి గంటకూ అయిదు నిమిషాలు మిలమిల మెరిసే దీపాలను ఎదుటి ఒడ్డున ఉన్న ట్రోకడేరో మెట్ల మీది నుంచి చూడండి. జూన్‌లో చీకటి పడేసరికి పది దాటుతుంది, పిల్లల్ని మధ్యాహ్నం పడుకోబెట్టి తీసుకెళ్లండి.

రోమ్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం కొలోసియంతో సహా ప్రభుత్వ మ్యూజియాలు అందరికీ ఉచితం. అయినా పిల్లలతో ఆ రోజు వెళ్లకండి. పిల్లలకు ఎలాగూ ఏ రోజైనా ఉచితమే. పెద్దల రెండు టికెట్లు మిగుల్చుకోవడానికి ఎండలో అంత పొడుగు క్యూ అక్కర్లేదు. డబ్బు ఖర్చు పెట్టదగ్గ చోటు ఇదని నా అభిప్రాయం. పిల్లల ఉచిత టికెట్ కూడా ముందే బుక్ చేయాలి. సెయింట్ పీటర్స్ చర్చి ఉచితం, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుని ఉదయం ఏడింటికే వెళ్లండి. మధ్యాహ్నం పన్నెండుకు జనికులం గుట్ట మీద రోజూ ఫిరంగి పేలుస్తారు, దానికి పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి. రోమ్ వీధుల్లో రెండువేలకు పైగా తాగునీటి కుళాయిలున్నాయి, నీళ్ల సీసాలు కొనే పని లేదు.

మిగతా ఊళ్లలో రెండు మూడు మాటలు. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి అవతలి ఒడ్డుకు పోయే పడవలు ఉచితం. లక్సెంబర్గ్ దేశంలో బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు 2020 నుంచి అందరికీ ఉచితం. బెర్లిన్‌లో పార్లమెంటు భవనం మీది గాజు గోపురం ఎక్కడానికి డబ్బు తీసుకోరు, కానీ వారాల ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. అందులో అందరి పేర్లు, పుట్టినతేదీలు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, పిల్లలవి సహా అసలు పాస్‌పోర్టులు వెంట తీసుకెళ్లండి. గేటు దగ్గర రెండూ సరిపోల్చి చూసే పంపుతారు.